వీడియోలో పడవ రంగు ఇట్టే మార్చేయొచ్చు.. మాస్క్, ట్రాకింగ్ ఎలా పనిచేస్తాయి? నెల్లూరు తీరంలో రంగు ఎందుకంత కీలకం?

నెల్లూరు జిల్లా మైపాడు బీచ్‌లో ఓ నీలం రంగు ఫైబర్ బోటు అలల మీద ఊగుతూ ఒడ్డుకు వస్తోంది అనుకుందాం. ఒకరు ఫోన్‌లో పది సెకన్ల వీడియో తీశారు. సాయంత్రానికి అదే వీడియో ఇంకో గ్రూపులో కనిపించింది. అదే అల, అదే మనుషులు, అదే వల. కానీ బోటు మాత్రం ఎర్రగా ఉంది. మామూలుగా చూస్తే ఎక్కడా తేడా తెలియదు.

ఇదేమీ పెద్ద స్టూడియోలో చేసిన పని కానక్కర్లేదు. ఓ మోస్తరు కంప్యూటర్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, గంట ఓపిక ఉంటే చాలు. సినిమా వాళ్లు హీరోయిన్ చీర రంగు మార్చడానికి, యాడ్ వాళ్లు ఒకే కారును నాలుగు రంగుల్లో చూపించడానికి వాడే పద్ధతి ఇదే. దీని వెనకున్న రెండు మాటలు మాస్క్, మోషన్ ట్రాకింగ్. సరదాకి వాడితే మంచి విద్య. కానీ పడవ రంగును బట్టే అది ఎవరిదో పోల్చుకునే తీరంలో దీన్ని తప్పుగా వాడితే గొడవలకు దారి తీస్తుంది. అందుకే వీడియోలు చేసేవాళ్లకే కాదు, చూసేవాళ్లకు కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి.

సముద్రంలో రంగే గుర్తింపు

2008 నవంబర్ 26 ముంబై దాడులు గుర్తున్నాయి కదా. ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే మన దేశపు చేపల బోటును హైజాక్ చేసి, దాని మీదే ముంబై వైపు వచ్చారు. సముద్రంలో వందల బోట్ల మధ్య ఏది మనది, ఏది కాదు అని దూరం నుంచి తేల్చడం ఎంత కష్టమో ఆ ఘటన చూపించింది. ఆ తర్వాత తీర భద్రతలో భాగంగా చేపల బోట్లన్నింటికీ రిజిస్ట్రేషన్, మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, రాష్ట్రాల వారీగా బోట్లకు కలర్ కోడ్ లాంటి ఏర్పాట్లు వచ్చాయి. బోటు మీద రాసే నంబర్‌లో కూడా ఆంధ్రప్రదేశ్‌ది అయితే ‘ఐఎన్‌డి’ తర్వాత ‘ఏపీ’ అని, తమిళనాడుది అయితే ‘టీఎన్’ అని ఉంటుంది.

నెల్లూరు తీరానికి ఇది ఇంకా దగ్గరి విషయం. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994 నాటిది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సముద్రం సంప్రదాయ పడవలకే. మరబోట్లు ఆ గీత దాటి లోపలే వేటాడాలి. కానీ పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే పెద్ద మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి వలలు తెంపేస్తున్నాయని, చిన్న పడవల వాళ్లకు చేపలు మిగలడం లేదని ఇక్కడి మత్స్యకారులు ఏళ్లుగా చెబుతున్నారు. వీటినే తీరంలో సోనా బోట్లు అంటారు. ఇలాంటి గొడవ వచ్చినప్పుడు ఇప్పుడు అందరి చేతిలో ఉండే సాక్ష్యం ఒకటే.. ఫోన్ వీడియో.

నంబర్ దూరం నుంచి కనిపించదు. అలల్లో ఫోన్ వణుకుతుంది. అప్పుడు మిగిలేది బోటు ఆకారం, దాని రంగు. ఆ రంగునే మార్చేస్తే? ఒక ఊరి బోటు ఇంకో ఊరిదిగా, ఒక రాష్ట్రం బోటు ఇంకో రాష్ట్రానిదిగా కనిపిస్తుంది. కాబట్టి ఇది ఎడిటింగ్ ముచ్చట ఒక్కటే కాదు.

అసలు రంగు ఎలా మారుతుంది?

వీడియో అంటే వరసగా కదిలే ఫొటోలు. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన పది సెకన్ల క్లిప్‌లో 300 ఫొటోలు ఉంటాయి. ప్రతి ఫొటోలో లక్షల చుక్కలు. ప్రతి చుక్క రంగును కంప్యూటర్ మూడు ముక్కలుగా చూస్తుంది. అది ఎరుపా, నీలమా, పసుపా అనేది మొదటిది. దీన్ని హ్యూ అంటారు. ఆ రంగు ఎంత గాఢంగా ఉంది అనేది రెండోది, శాచురేషన్. ఎంత వెలుగుగా ఉంది అనేది మూడోది, ల్యుమినెన్స్.

నీలం బోటును ఎర్రగా చేయాలంటే హ్యూ ఒక్కదాన్నే తిప్పాలి. వెలుగును అలాగే వదిలేయాలి. అప్పుడే చెక్క మీది గీతలు, పెయింట్ ఊడిన మచ్చలు, తడి మెరుపు, నీడ అన్నీ అలాగే ఉంటాయి. అలా కాకుండా బోటు మీద ఎర్ర రంగు పూసేస్తే ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే.

ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. మన కంటికి అన్ని రంగులూ ఒకే వెలుగుతో కనిపించవు. హెచ్‌డీ వీడియో లెక్కలో ఒక చుక్క వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపు 21 శాతం, నీలం 7 శాతమే. అంటే పసుపు సహజంగానే వెలుగైన రంగు, నీలం చీకటి రంగు. పసుపు బోటును హ్యూ తిప్పి నీలం చేస్తే కాంతి తగ్గించకపోతే లేత ఆకాశం రంగులో తేలిపోతుంది. అందుకే రంగుతో పాటు వెలుగును కూడా కాస్త సరిచేయాలి.

తెలుపు, నలుపు, బూడిద రంగులతో అసలు చిక్కు. వాటిలో హ్యూ అనేదే ఉండదు కాబట్టి తిప్పడానికి ఏమీ ఉండదు. తెల్ల బోటును ఎర్రగా చేయాలంటే కొత్తగా రంగు ఎక్కించాల్సిందే.

మాస్క్ అంటే.. గోడకు రంగేసేటప్పుడు అతికించే కాగితం

కిటికీకి రంగు అంటకూడదని పెయింటర్లు అంచుల వెంట టేపు వేసి, కాగితం అతికిస్తారు. వీడియోలో మాస్క్ చేసే పని సరిగ్గా అదే. ఎక్కడ రంగు మారాలి, ఎక్కడ మారకూడదు అనే గీత అది. మాస్క్ లోపల మాత్రమే మార్పు జరుగుతుంది. బయట ఉన్నది చెక్కుచెదరదు.

మాస్క్ గీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బోటు చుట్టూ చుక్కలు పెట్టి చేత్తో గీత గీయడం. రెండోది, రంగును బట్టి ఎంచుకోవడం. స్పాయిడ్ లాంటి గుర్తుతో బోటు మీద నొక్కితే, ఆ నీలానికి దగ్గరగా ఉన్న చుక్కలన్నీ సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. దీన్ని క్వాలిఫైయర్ అంటారు.

రంగుతో పట్టుకోవడం సులువే కదా, చేత్తో గీయడం ఎందుకు అనిపించొచ్చు. కానీ బీచ్‌లో నీలం బోటు వెనక ఏముంటుంది? నీలం ఆకాశం, నీలం సముద్రం. బోటుతో పాటు సముద్రమూ ఎర్రబారుతుంది! అలాగని చేతి గీత ఒక్కటే వాడితే బోటు మీద కూర్చున్న మనిషి చొక్కా, తాళ్లు, వలలు కూడా రంగు మారతాయి. అందుకే అనుభవం ఉన్న ఎడిటర్లు రెండూ కలిపి వాడతారు. బోటు చుట్టూ వదులుగా ఓ గీత గీసి, ఆ గీత లోపల నీలం చుక్కల్ని మాత్రమే ఎంచుకుంటారు. సముద్రం గీత బయట ఉండిపోతుంది, మనిషి రంగు తేడాతో తప్పించుకుంటాడు.

మాస్క్ అంచును కత్తితో కోసినట్టు ఉంచకూడదు. రెండు మూడు పిక్సెళ్ల మేర మెత్తగా కలిసిపోయేలా చేయాలి. దీన్ని ఫెదర్ అంటారు. కెమెరా కదిలినప్పుడు వస్తువు అంచులు సహజంగానే చెదిరిపోతాయి. అంచు మెత్తగా లేకపోతే బోటు చుట్టూ నీలం గీత మిగిలిపోయి గుట్టు రట్టవుతుంది.

ట్రాకింగ్.. 300 సార్లు గీయక్కర్లేకుండా

మాస్క్ గీసింది ఒక్క ఫ్రేములో. తర్వాతి ఫ్రేముకు బోటు కాస్త పక్కకు జరిగింది, అల మీద లేచింది, ముందు భాగం తిరిగింది. మాస్క్ మాత్రం అక్కడే ఉంది. 300 ఫ్రేముల్లో 300 సార్లు గీత జరపాలా? పాతరోజుల్లో నిజంగానే అలా చేసేవాళ్లు. ఆ పనికి రోటోస్కోపింగ్ అని పేరు. ట్రాకింగ్ ఆ కష్టాన్ని తగ్గించింది.

ట్రాకర్ చేసేది ఏమిటంటే.. మొదటి ఫ్రేములో మాస్క్ లోపల స్పష్టంగా ఉన్న గుర్తుల్ని చూసుకుంటుంది. బోటు మీద రాసిన పేరు, నంబర్ అక్షరాలు, చెక్కల మూలలు, బొల్టులు. తర్వాతి ఫ్రేములో అవే గుర్తులు ఎంత జరిగాయో వెతికి, మాస్క్‌ను కూడా అంతే జరుపుతుంది. ఈ లెక్కకు మూలమైన పద్ధతుల్లో ఒకటి 1981లో బ్రూస్ లూకాస్, టకియో కనాడే చెప్పింది. నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ వాడుకలో ఉంది.

కదలికలోనూ రకాలున్నాయి. పక్కకు జరగడం, పైకి కిందికి ఊగడం, దగ్గరకు వచ్చేకొద్దీ పెద్దదవడం, ఒరగడం, పక్కకు తిరిగినప్పుడు ఆకారమే మారడం. ఒడ్డుకు వచ్చే బోటులో ఈ ఐదూ ఒకేసారి ఉంటాయి. అందుకే రోడ్డు మీద పోయే కారు కంటే అల మీద బోటును ట్రాక్ చేయడం కష్టం.

నీటిని నమ్ముకుంటే ట్రాకర్ బోల్తా పడుతుంది. అల మీద మెరుపులు ప్రతి క్షణం మారిపోతుంటాయి. మాస్క్‌లో నీళ్లు ఎక్కువ, బోటు తక్కువ ఉంటే ట్రాకర్ అల వెంట కొట్టుకుపోతుంది. కాబట్టి ట్రాక్ చేసే గీత బోటు గట్టి భాగం మీదే ఉండాలి.

చేసి చూడాలంటే.. ఇవీ స్టెప్పులు

బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కంపెనీ ఇచ్చే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఇదంతా చేయొచ్చు. అడోబీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ప్రీమియర్ ప్రోలో కూడా ఇవే పనులు వేరే పేర్లతో ఉంటాయి. వరస మాత్రం ఎక్కడైనా ఒకటే.

1. క్లిప్‌ను మొదటి నుంచి చివరిదాకా చూసి, బోటు పెద్దగా, స్పష్టంగా, ఏదీ అడ్డు లేకుండా ఉన్న ఫ్రేము దగ్గర ఆగాలి. పని మొదలయ్యేది అక్కడి నుంచే.

2. స్పాయిడ్‌తో బోటు రంగును ఎంచుకోవాలి. ఎంచుకున్న భాగాన్ని తెలుపు నలుపులో చూపించే బటన్ ఉంటుంది. బోటు తెల్లగా, మిగతాది నల్లగా కనిపించేదాకా సరిచేయాలి.

3. బోటు చుట్టూ వదులుగా మాస్క్ గీసి, అంచు మెత్తబరచాలి.

4. ఆ ఫ్రేము నుంచి ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి ట్రాక్ చేయాలి.

5. హ్యూ తిప్పి కొత్త రంగు తేవాలి. వెలుగు, గాఢత సరిచూసుకోవాలి.

6. మళ్లీ మొత్తం క్లిప్‌ను నెమ్మదిగా నడిపి, మాస్క్ జారిన చోట ఆగి చేత్తో సరిచేయాలి. అసలు పని ఇక్కడే. మొదటి ఐదు స్టెప్పులకు పది నిమిషాలు పడితే దీనికి గంట పట్టొచ్చు.

ఇప్పుడు ఏఐ టూల్స్ ఈ పనిని ఇంకా తేలిక చేశాయి. మెటా కంపెనీ 2024 జూలైలో విడుదల చేసిన ‘సెగ్మెంట్ ఎనీథింగ్’ రెండో మోడల్‌లో వస్తువు మీద ఒక్క క్లిక్ ఇస్తే చాలు, వీడియో పొడవునా దాని అంచును అదే పట్టుకుంటుంది. అంటే చేతి నైపుణ్యం లేనివాళ్లు కూడా రంగు మార్చేయగల రోజులు వచ్చేశాయి.

షూటింగ్ దగ్గరే సగం పని

బంగాళాఖాతం తీరంలో సూర్యుడు ఉదయించేది సముద్రం మీద నుంచే. తెల్లవారుజామున సముద్రం వైపు కెమెరా పెడితే బోటు నల్లటి నీడలా వస్తుంది. అందులో రంగే ఉండదు, ఇక మార్చేదేముంది? సాయంత్రం వెలుతురు ఊరి వైపు నుంచి వచ్చి బోటు మీద పడుతుంది. అప్పుడు తీస్తే రంగు నిండుగా ఉంటుంది.

ఫోన్ కెమెరాలో ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయాలి. లేదంటే తెల్లటి నురగ ఫ్రేములోకి రాగానే ఫోన్ తనంతట తానే వెలుగు తగ్గిస్తుంది, బోటు రంగు కూడా మారిపోతుంది. స్పాయిడ్‌తో ఎంచుకున్న రంగు మధ్యలో తప్పిపోతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఫోన్లు సాధారణంగా రికార్డు చేసే 4:2:0 వీడియోలో వెలుగు వివరాలు పూర్తిగా ఉంటాయి కానీ రంగు వివరాలు పావు వంతే ఉంటాయి. నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు. ఫుల్ హెచ్‌డీలో 1920, 1080 చుక్కల బొమ్మకు రంగు 960, 540 చుక్కల్లోనే ఉంటుందన్నమాట. మన కన్ను వెలుగు తేడాల్ని పట్టినంతగా రంగు తేడాల్ని పట్టదు కాబట్టి మామూలుగా చూసేటప్పుడు తెలియదు. రంగు మార్చేటప్పుడు మాత్రం అంచులు మెట్లుమెట్లుగా బయటపడతాయి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన క్లిప్ అయితే సంగతి ఇంకా దారుణం.

‘మాయాబజార్’కు రంగులద్దినప్పుడు..

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తేం కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ను రంగుల్లోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసిన సంగతి తెలిసిందే. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ పని చేసింది. 165 మంది దాదాపు 8 నెలలు కష్టపడ్డారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. అంటే ఒక్క నిమిషానికి 1,440 ఫ్రేములు. మూడు గంటల సినిమాలో ప్రతి ఫ్రేములో కిరీటం, చీర, మొహం, గోడ.. ఒక్కోదానికి ఒక్కో హద్దు గీసి, వాటిని కదలికతో పాటు నడిపించాలి. అందులో అసలు రంగే లేదు కాబట్టి హ్యూ తిప్పితే సరిపోదు. ప్రతి రంగూ కొత్తగా ఎక్కించాల్సిందే.

ఆ సినిమాకూ నెల్లూరుకూ ఓ బంధం ఉంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు దర్శకుడిగా మారకముందు కె.వి.రెడ్డి దగ్గర ‘మాయాబజార్’కు అసిస్టెంట్‌గా పనిచేశారు.

హాలీవుడ్‌లో 2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ను మొత్తం కంప్యూటర్‌లోనే రంగులు సరిచేసిన తొలి సినిమాల్లో ఒకటిగా చెబుతారు. వేసవిలో పచ్చగా ఉన్న చెట్లూ పొలాలను ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ఎండిపోయిన పసుపు రంగులోకి మార్పించారు.

వీటిలో ఎక్కడా మోసం లేదు. రంగు మార్చామని వాళ్లే చెప్పారు, చూసేవాళ్లకూ తెలుసు. చెప్పకుండా, ఇదే నిజమని చూపించినప్పుడే తేడా వస్తుంది.

రంగు మార్చిన వీడియోను పట్టుకోవడం ఎలా?

నూటికి నూరు శాతం చెప్పే గుర్తు ఏదీ లేదు. కానీ కంగారుగా ఫార్వర్డ్ చేసే ముందు వీటిని చూడొచ్చు.

నీళ్లలో నీడ: ఎర్ర బోటు నీళ్లలో ఎర్రగానే ప్రతిబింబించాలి. బోటు ఎర్రగా ఉండి, కింద నీళ్లలో, తడి ఇసుక మీద నీలం మెరుపు కనిపిస్తే అనుమానించాల్సిందే. రంగు మార్చేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

అడ్డొచ్చేవి: బోటు ముందు నుంచి మనిషి నడిచినప్పుడు, తాడు ఊగినప్పుడు, నురగ పైకి లేచినప్పుడు వీడియోను ఆపి చూడాలి. మాస్క్ జారేది అక్కడే. ఒకట్రెండు ఫ్రేముల్లో మనిషి చేయి ఎర్రబారడమో, బోటు పాత రంగు తొంగిచూడడమో జరుగుతుంది.

అంచులు: బోటు చుట్టూ సన్నటి వేరే రంగు గీత ఉందా? కదిలేకొద్దీ ఆ గీత వణుకుతోందా?

అదే రంగు ఉన్న మిగతావి: అసలు నీలంగా ఉండాల్సిన డ్రమ్ము, టార్పాలిన్ కూడా బోటుతో పాటు వింత రంగులోకి మారాయా?

అక్షరాలు: బోటు నంబర్ మిగతా బోటు కంటే స్పష్టంగానో, మసకగానో, కాస్త తేలుతున్నట్టో ఉందా? రంగు మార్చే పద్ధతితోనే పేరు, నంబర్ కూడా మార్చొచ్చు.

మరో కోణం: అదే సమయంలో ఇంకొకరు తీసిన వీడియో ఉందా? ఒడ్డున ఒకే ఘటనను పదిమంది తీస్తారు. అన్నిట్లోనూ ఒకే రంగు ఉందో లేదో చూడటం అన్నిటికంటే గట్టి పరీక్ష.

చిన్న ఫోన్ స్క్రీన్‌లో, బాగా కుదించిన క్లిప్‌లో ఈ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. కాబట్టి ‘తప్పు కనిపించలేదు’ అంటే ‘నిజమే’ అని అర్థం కాదు. అలాగే సాయంత్రం ఎండ, కెమెరా సెట్టింగులు కూడా రంగును మార్చి చూపిస్తాయి. వీడియోలో రంగు తేడా ఉన్నంత మాత్రాన ఎవరో కావాలని మార్చారనీ అనుకోకూడదు.

వీడియో సాక్ష్యంగా నిలవాలంటే..

సముద్రంలో గొడవ జరిగి, దాన్ని ఫోన్‌లో తీసిన మత్స్యకారులకు ముఖ్యమైన మాట ఒకటే. ఒరిజినల్ ఫైల్‌ను ముట్టుకోకూడదు. ఫిల్టర్ వేయకూడదు, కత్తిరించకూడదు, పాట కలపకూడదు. పంపాల్సి వస్తే వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. అప్పుడే ఫైల్ కుదించుకుపోకుండా ఉన్నదున్నట్టు వెళ్తుంది.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. పది సెకన్ల వీడియోలో ఒక్క ఫ్రేములో ఒక్క చుక్క రంగు మార్చి సేవ్ చేసినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. బోటు రంగు బాగా కనిపించాలని మంచి ఉద్దేశంతో కాస్త బ్రైట్‌నెస్ పెంచినా సరే, అది ఒరిజినల్ కాదు. రేపు అవతలివాళ్లు ‘వీడియో మార్చారు’ అంటే జవాబు చెప్పుకోవడం కష్టం. స్పష్టంగా చూపించాలనుకుంటే కాపీ తీసి, ఆ కాపీ మీద మార్పులు చేసి, అసలు ఫైల్‌ను పక్కన భద్రంగా ఉంచుకోవాలి.

బోటు మొత్తం కనిపించేలా ఒకసారి, నంబర్ దగ్గరగా ఒకసారి, తీరం వైపు గుర్తుపట్టే కొండో, టవరో, లైట్‌హౌసో కనిపించేలా ఒకసారి తీస్తే మంచిది. రంగు ఒక్కదాని మీదే ఆధారపడని సాక్ష్యం బలంగా నిలబడుతుంది. సముద్రంలో ప్రమాదం వస్తే కోస్ట్ గార్డ్ నంబర్ 1554, తీర భద్రతకు సంబంధించిన సమాచారం ఇవ్వడానికి 1093 ఉన్నాయి.

రంగు మార్చడం నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు నిక్షేపంగా నేర్చుకోవచ్చు. ఎడిటింగ్‌లో మంచి ఉపాధి ఉన్న పని ఇది. సొంతంగా తీసిన క్లిప్‌లతో సాధన చేసి, పోస్ట్ చేసేటప్పుడు ‘రంగు మార్చిన వీడియో’ అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. ఇక చూసేవాళ్లు.. బోటు రంగు చూసి ఫలానా ఊరివాళ్లే అని వేలెత్తి చూపే ముందు వీడియోను ఒక్కసారి ఆపి, కింద నీళ్లలో ఏ రంగు కనిపిస్తోందో చూడండి.